మొదటి కెమెరా: సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆరా, కొత్త మిర్రర్‌లెస్సా?

"మావయ్యా, ఏ కెమెరా కొనమంటావు?" బరంపురంలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు సెలవులకి పర్లాకిమిడి వచ్చిన మొదటి సాయంత్రమే అడిగింది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లలు, కాశీనగర్‌లో స్టూడియో పెట్టాలనుకునే కుర్రాళ్ళు, గుణుపూర్ నుంచి ఫోన్ చేసే బంధువులు ఏటా అడుగుతూనే ఉంటారు. ఒకప్పుడు "కెనానా, నికానా?" అనేవారు. ఇప్పుడు ఎక్కువమంది అడిగేది సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) తీసుకోవాలా, కొత్త మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేనిది) తీసుకోవాలా అని.

తను కూడబెట్టిన డబ్బుకి నేను కొంత కలిపితే కెనాన్ ఆర్50 లాంటి కొత్త మిర్రర్‌లెస్, దాంతోపాటు వచ్చే కిట్ లెన్సు వస్తాయి. నేనేమీ కలపకపోయినా మంచి స్థితిలో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ ఒకటి, దానికి ఇంకో లెన్సు వస్తాయి. వారం రోజులు ఇదే చర్చ. చివరికి ఏం కొన్నామో చెబుతాను గానీ ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి.

మిర్రర్‌లెస్ గొప్పతనాన్ని తక్కువ చేయను. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో, ఎంత చీకటిగా వస్తుందో నొక్కకముందే కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్ళకి ఇది పెద్ద మేలు. షట్టర్ స్పీడు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) మారిస్తే ఏమవుతుందో కళ్ళ ముందే తెలుస్తుంది. ఆర్50 అయితే మనిషి కన్నును తానే వెతికి పట్టుకుంటుంది. పిల్లలు పరుగెడుతున్నా వదలదు. చప్పుడు లేకుండా తీయొచ్చు కాబట్టి గుడిలో, క్లాసులో ఎవరికీ ఇబ్బంది ఉండదు. వీడియో మాటకొస్తే ఈ ధరలో పాత డీఎస్ఎల్ఆర్‌లు దాని దరిదాపుల్లోకి రావు. బరువులో తేడా మాత్రం జనం అనుకునేంత లేదు. ఆర్50 బ్యాటరీతో కలిపి 375 గ్రాములైతే కెనాన్ 200డీ 453 గ్రాములు.

డీఎస్ఎల్ఆర్‌కి భవిష్యత్తు లేదన్న మాట కూడా నిజమే. కెనాన్ చివరగా కొత్త డీఎస్ఎల్ఆర్ తెచ్చింది 2020లో. కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్ కోసమే వస్తున్నాయి. అయితే మొదటి కెమెరా కొనేవాళ్ళకి ఇది నష్టమని నేననుకోను. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు, స్టూడియోలవాళ్ళు మిర్రర్‌లెస్‌కి మారుతూ పాతవి అమ్ముతున్నారు. అందుకే మంచి లెన్సులు ఇంత తక్కువకి దొరుకుతున్నాయి.

బ్యాటరీ సంగతి కూడా చూడాలి. నికాన్ డి3500 ఒక్క ఛార్జింగుతో 1550 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. ఈ ధరలో మిర్రర్‌లెస్‌లు మూడు నాలుగు వందల దగ్గరే ఆగిపోతాయి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే వాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది. రాత్రంతా కొండ మీదే, ఛార్జర్ పెట్టుకోవడానికి చోటు ఉండదు. అయినా రెండో బ్యాటరీ కొనుక్కుంటే ఈ సమస్య తీరిపోతుంది కాబట్టి నేను దీన్ని పట్టించుకోను.

నేను పట్టించుకునేది ఒకటే. మీరు ఉండే వీధిలో, మీరు నడిచి వెళ్ళగలిగే దూరంలో, మీ కెమెరాకి సరిపోయే లెన్సు ఎవరి దగ్గర ఉంది?

మా వీధి చివర ఒక స్టూడియో ఉంది. ఆయన దగ్గర కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకి సరిపోయే ఈఎఫ్ మౌంట్ (మౌంట్ అంటే లెన్సుని బాడీకి తగిలించే అమరిక) లెన్సులు ఐదారున్నాయి: 50 ఎంఎం ఎఫ్1.8, 24 ఎంఎం పాన్‌కేక్ (పల్చటి లెన్సు), 55-250 జూమ్, పెళ్ళిళ్ళకి వాడే ఒక పెద్ద జూమ్. ముహూర్తాలు లేని రోజుల్లో అవి బీరువాలోనే ఉంటాయి. "తీసుకెళ్ళండి మాస్టారూ, శుక్రవారం పెళ్ళుంది, ఆలోపు ఇచ్చేయండి చాలు" అంటాడు. నేను ఫోటోలు తీయడం నేర్చుకున్నది చాలావరకు ఆయన లెన్సుల మీదే. ఏ లెన్సు నా చేతికి సరిపోతుందో, దేని మీద డబ్బు పెట్టడం దండగో కొనకముందే తెలిసింది. బరంపురంలో, విశాఖలో పెద్ద షాపుల పక్కన ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయం కావచ్చు. మాకు లెన్సు చేతిలోకి తీసుకుని చూడాలంటేనే రైలెక్కాలి. అందుకే మొదటి కెమెరా కొనేవాళ్ళకి నేను చెప్పేది: ముందు మౌంట్ తేల్చుకోండి, బాడీ సంగతి తర్వాత.

ఎందుకింత పట్టుదల అంటే, కిట్ లెన్సు ఎక్కడ చేతులెత్తేస్తుందో నేను బరంపురం బుఢీ ఠాకురాణి యాత్రలో చూశాను. రెండేళ్ళకోసారి వచ్చే జాతర. జరిగేదంతా రాత్రే. ఘటాల ఊరేగింపు, పులి వేషాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడ కిట్ లెన్సుని కొంచెం జూమ్ చేస్తే ఎఫ్5.6కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది). ఐఎస్ఓ 6400 పెట్టినా షట్టర్ సెకనులో పదిహేనో వంతు దగ్గర ఉంటే పులి వేషం మొత్తం పసుపు గీతలే. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్1.8 తగిలిస్తే లోపలికి దాదాపు పదింతలు వెలుగు వస్తుంది. సెకనులో 125వ వంతుకి వెళ్ళినా ఇంకా కొంచెం మిగులుతుంది. పులి ముఖం మీద రంగు గీతలు విడివిడిగా కనిపిస్తాయి. ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్సు చివర్లో ఎఫ్6.3. దానికీ ఎఫ్1.8కీ తేడా పన్నెండింతలు. కొత్త బాడీ సెన్సర్ ఎంత మెరుగైనా ఆ పన్నెండింతలు పూడ్చలేదు. ఆరేళ్ళ పాత బాడీ మీద 50 ఎంఎం తీసిన రాత్రి ఫోటో కొత్త బాడీ మీద కిట్ లెన్సు తీసినదానికన్నా బాగుంటుంది. ఇది నేను రెండూ పక్కపక్కన పెట్టి చూసిన తర్వాతే అంటున్నాను.

ఇక్కడ మిర్రర్‌లెస్ వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది. కెనాన్ ఈఎఫ్ నుంచి ఆర్ఎఫ్‌కి (ఆర్50 లాంటి మిర్రర్‌లెస్‌ల మౌంట్) అడాప్టర్ వస్తుంది. అది పెడితే స్టూడియో ఆయన ఈఎఫ్ లెన్సులన్నీ ఆర్50 మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. కాబట్టి మా వీధిలో అరువు కోసం ఆర్50 కూడా పనికొస్తుంది, అడాప్టర్‌కి వేరే డబ్బు పెట్టగలిగితే. 2024లో కెనాన్ అనుమతి ఇచ్చాక సిగ్మా, టామ్రాన్ లాంటి వేరే కంపెనీల లెన్సులు కూడా ఆర్ఎఫ్ మౌంట్‌కి రావడం మొదలైంది. ముందు ఈ లోటు బాగా ఉండేది.

నికాన్‌లో ఇంత తేలిక కాదు. డి3500, డి5600 బాడీలలో ఫోకస్ మోటారు లేదు. సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సు ఎవరైనా ప్రేమగా ఇచ్చినా ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కొత్త జడ్ మిర్రర్‌లెస్‌లకి ఎఫ్‌టీజడ్ అడాప్టర్ పెట్టినా ఏఎఫ్-డి లెన్సులది అదే పరిస్థితి. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని ఉంటే మోటారు లెన్సులోనే ఉంటుంది, ఇబ్బంది లేదు. మీ బాబాయి దగ్గరో, దగ్గరి స్టూడియోలోనో పాత నికాన్ లెన్సుల పెట్టె ఉంటే డి7000 వరుసలో ఏదో ఒకటి తీసుకోండి, వాటిలో మోటారు ఉంది. సోనీ జడ్‌వీ-ఈ10 మంచి కెమెరా. దానికి వ్యూఫైండర్ లేదు, మా వీధిలో సోనీ లెన్సున్న మనిషీ లేడు. మీ వీధిలో ఉంటే నా మాట పట్టించుకోకండి.

ఫ్లాష్ అరువు తెచ్చుకునేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. కెనాన్ 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 ఈ మూడింటికీ ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను తీసేశారు. స్టూడియోల్లో ఉండే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. ఆర్50కి కూడా పాత ఫ్లాష్ పెట్టాలంటే ఇంకో అడాప్టర్ కావాలి. 1500డీ కొన్న మా విద్యార్థి ఒకడు మొదటి ఫంక్షన్‌లో తెచ్చిన ఫ్లాష్ పాడైందనుకుని చాలా టెన్షన్ పడ్డాడు. ఫ్లాష్ బాగానే ఉంది. 700డీ, 750డీ, మొదటి 200డీలకి ఆ పిన్ను ఉంది.

ఈ లెక్కలన్నీ వేసి మేము సెకండ్ హ్యాండ్ 200డీ తీసుకున్నాం. 2017లో వచ్చిన మోడల్, 24.2 మెగాపిక్సెల్. స్క్రీన్ బయటికి తిరుగుతుంది, వేలితో తాకితే ఫోకస్ అవుతుంది, స్క్రీన్ చూస్తూ తీసినా ఫోకస్ చురుగ్గా ఉంటుంది. వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అది లోటే. ఇంకో లాభం నాకు బాగా నచ్చింది: దీని బ్యాటరీ ఎల్‌పీ-ఈ17. ఆర్50లో వాడేదీ అదే. రెండు మూడేళ్ళకి తను మిర్రర్‌లెస్‌కి మారినా బ్యాటరీలు, ఛార్జర్, ఈఎఫ్ లెన్సులు వెంట వెళ్తాయి. మిగిలిన డబ్బుతో సొంతంగా 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం కొంది.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడేవాళ్ళకి, మేము చూసినవి చెబుతాను. ఎఫ్16 పెట్టి తెల్లగోడని ఫోటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. కొంచెం దుమ్ముకి కంగారు వద్దు, శుభ్రం చేయించుకోవచ్చు. లెన్సు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే బూజు సాలెగూడులా కనిపిస్తుంది. బూజు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. నికాన్ అయితే ఎన్ని ఫోటోలు తీశారో ఫోటో ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కెనాన్ ఈ మోడల్స్‌లో అలా ఉండదు, అందుకే బాడీ పట్టు దగ్గర రబ్బరు అరుగుదల, అసలు బిల్లు చూశాం. కొన్నేళ్ళ క్రితం నేను ఒక షాపులో బిల్లు లేకుండా తక్కువకి వస్తోందని కొత్త లెన్సు కొన్నాను. ఫోకస్ ఆగిపోయినప్పుడు వారంటీ చెల్లదన్నారు. అప్పటినుంచి బిల్లు లేని వస్తువు ముట్టుకోను.

బూజు మాట వచ్చింది కాబట్టి: గోపాల్‌పూర్ తీరం నుంచి మా కొండల దాకా వానాకాలం గాలి తడితడిగానే ఉంటుంది. కెమెరా బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే నీలం రంగు సిలికా జెల్ గింజలు చాలు. గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుట్లో సన్నసెగ మీద వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడొద్దు.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పను. అరవై రెట్లు జూమ్ అని అమ్మే బ్రిడ్జి కెమెరాల సెన్సర్ డీఎస్ఎల్ఆర్ సెన్సర్‌లో పన్నెండో వంతు ఉంటుంది, పగలు పర్వాలేదు, సాయంత్రం దాటితే వద్దు. చిన్న కాంపాక్ట్‌ల కన్నా మీ ఫోనే మేలు. తీసేది ముఖ్యంగా వీడియోనే అయితే మాత్రం డీఎస్ఎల్ఆర్ వైపు చూడకండి, డబ్బు సర్దుకునే దాకా ఆగి మిర్రర్‌లెస్సే కొనండి.

మా మేనకోడలు పెలికాన్‌లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చే కాలానికి తేలినీలాపురం వెళ్తానంటోంది. అక్కడ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి కాబట్టి మరీ పెద్ద లెన్సు అక్కర్లేదు. స్టూడియో ఆయన్ని 55-250 అడిగాను. దసరా పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు ఏ ఆదివారమైనా సరేనన్నాడు.