కోంక్ వెళ్తే రాత్రికి అక్కడే ఉండండి

దక్షిణ ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో విమానాల కంపెనీల పుణ్యమా అని తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. వీకెండ్ వస్తే కార్కసోన్ కోటకో, పిరెనీస్ కొండలకో బయల్దేరతారు. అవేరోన్ జిల్లాలోని కోంక్ అనే చిన్న కొండ ఊరి పేరు మాత్రం మనవాళ్ల మాటల్లో పెద్దగా వినపడదు. టులూజ్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటల దారి. రైలు ఊరిదాకా రాదు. దగ్గర్లోని పట్నం రోదెజ్‌లో దిగితే అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు కొండదారి. పిల్లలతో వెళ్లేవాళ్లు కారు లేకుండా బయల్దేరకపోవడమే మంచిది.

కారు కూడా ఊరి బయటే ఆపాలి, పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. ఆపైన నడకే. సందులన్నీ ఏటవాలు, కింద ఎగుడుదిగుడు రాళ్లు. స్ట్రోలర్ తీసుకెళ్లి లాభం లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే బస చర్చికి దగ్గర్లోనే చూసుకోండి.

ఇంత చిన్న కొండ ఊళ్లో అంత పెద్ద చర్చి ఎందుకుందంటే, కారణం ఒక దొంగతనం. రోమన్ల కాలంలో అజెన్ పట్నంలో మతం కోసం ప్రాణాలు వదిలిన ఫ్వా అనే చిన్నపిల్ల అస్థికలు అక్కడి చర్చిలో ఉండేవి. కోంక్ మఠం నుంచి ఒక సన్యాసి వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడివాళ్లలో ఒకడిగా మెలిగి, 866లో వాటిని ఎత్తుకొచ్చాడని కథ. ఆమె మహిమలు ప్రచారమయ్యాక యాత్రికులు రావడం మొదలైంది. స్పెయిన్‌లోని పుణ్యక్షేత్రం సాంటియాగోకి ఫ్రాన్స్‌లోని లె పుయ్ పట్నం నుంచి నడిచే దారిలో కోంక్ పెద్ద మజిలీ అయింది. ఇప్పుడున్న చర్చి 11, 12 శతాబ్దాల కట్టడం. ఆ యాత్రా మార్గాల్లో భాగంగా 1998లో యునెస్కో జాబితాకెక్కింది.

ముఖద్వారం పైన అర్ధచంద్రాకారంలో అంతిమ తీర్పు (లోకాంతంలో దేవుడు మంచివాళ్లనీ చెడ్డవాళ్లనీ వేరుచేసే ఘట్టం) శిల్పం ఉంది. అందులో 124 బొమ్మలు. స్వర్గం వైపు అందరూ వరసగా, బుద్ధిగా నిలబడి ఉంటారు, చూడ్డానికి కాస్త బోర్. చెక్కినవాడి సరదా అంతా నరకం వైపే కనిపిస్తుంది. గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న అహంకారి, మెడలో డబ్బు సంచితో ఉరికి వేలాడుతున్న పిసినారి! మా పిల్లలు అటువైపు నుంచి కదల్లేదు. అంచున రాతి పట్టీ వెనక నుంచి తొంగి చూసే చిన్న ముఖాలున్నాయి, వాటిని వదలకండి. అక్కడక్కడా పాత రంగులు కూడా ఇంకా మిగిలే ఉన్నాయి.

చర్చిలోకి టికెట్ లేదు, పక్కనే చర్చి విలువైన సొత్తు ఉంచిన ఖజానాకి ఉంది. కొనండి. 85 సెంటీమీటర్ల ఎత్తున్న ఫ్వా విగ్రహం సింహాసనం మీద కూర్చుని ఉంటుంది. కొయ్య మీద బంగారు రేకు తాపడం చేసి, భక్తులిచ్చిన రత్నాలు ఒంటినిండా పొదిగారు. ఊరేగింపులకీ తీసుకెళ్లేవారట. మన ఉత్సవ విగ్రహం చూసినట్టే అనిపించింది నాకు. 1013లో ఇక్కడికొచ్చిన బెర్నార్ అనే పండితుడికీ ఇదే గుచ్చుకుంది. ఇది రోమన్ల దేవుడు జూపిటర్ విగ్రహంలా ఉంది, క్రైస్తవులు చేయాల్సిన పనేనా అని ముందు ఎగతాళి చేశాడు. తర్వాత మనసు మార్చుకుని ఆమె మహిమల మీద పుస్తకమే రాశాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఊరివాళ్లు ఈ సొత్తును ఇళ్లల్లో దాచి, గొడవలు సద్దుమణిగాక తిరిగిచ్చేశారని చెబుతారు.

చర్చి కిటికీల సంగతి వేరు. రోదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియెర్ సూలాజ్ 1994లో పూర్తి చేసిన 104 కిటికీలివి. రంగుల్లేవు, బొమ్మల్లేవు. తెల్లటి మసక గాజు మీద వంపు తిరిగిన నల్ల గీతలు, అంతే. మధ్యాహ్నం చూసి, ఇంత పేరు దీనికా అనుకున్నాం. సాయంత్రం ఎండ వాలేకొద్దీ ఒకవైపు గాజు నీలంగా, ఇంకోవైపు నారింజ రంగుగా మారుతూ వచ్చింది. రెండు పూటలా చూసేవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

బస ఎక్కడంటే, ఇద్దరే అయితే మఠంవాళ్ల అతిథి గృహం బాగుంటుంది. ప్రధానంగా నడిచొచ్చే యాత్రికుల కోసం నడుపుతారు, హాల్లో మంచాలూ ఉంటాయి, గదులూ ఉంటాయి. భోజనం అందరితో కలిసి. హోటల్ సౌకర్యాలు ఆశించకండి. పిల్లలున్నారని మేం ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది, మెట్లు మాత్రం నిచ్చెనే. వేసవిలో ఏ బసకైనా బాగా ముందే బుక్ చేసుకోవాలి.

సీజన్‌లో రాత్రి భోజనాలయ్యాక మఠం సన్యాసి ఒకరు బయటికొచ్చి ద్వారం మీది శిల్పాన్ని వివరిస్తారు. ఫ్రెంచిలోనే చెప్తారు, కానీ చేతులూ ముఖమూ కూడా మాట్లాడేస్తాయి, జనం పడీ పడీ నవ్వుతారు. తర్వాత లోపల ఆర్గాన్ సంగీతం. అది వింటూ పైఅంతస్తు వసారాల్లో తిరగొచ్చు. టూరిస్టు బస్సులన్నీ అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు అసలైనది చూడనట్టే.

తిండికి శాకాహారులు మరీ టెన్షన్ పడక్కర్లేదు. బంగాళదుంప, చీజ్, మీగడ, వెల్లుల్లి కలిపి తీగలు సాగేదాకా తిప్పే అలిగో దొరుకుతుంది. మాంసంతో కలిపి వడ్డించడం మామూలు కాబట్టి విడిగా అడగాలి. చీజ్ తోడుపెట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, అంత పట్టింపు ఉన్నవాళ్లు బ్రెడ్డూ పళ్లూ వెంట తెచ్చుకోవాలి. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు. అలా ఒకచోట మమ్మల్ని కూర్చోబెట్టి, పావుగంట తర్వాత లేదన్నారు.

ఉదయం ఓపికుంటే దుర్దు నది మీది పాత రాతి వంతెన దాటి, ఎదురు కొండ మీది చిన్న ప్రార్థనా మందిరం దాకా ఎక్కండి. దారి నిటారుగా ఉంటుంది, వాన పడితే జారుతుంది. ఎక్కలేనివాళ్లు కారులో బాంకరెల్ అనే చోటికి వెళ్తే అక్కడి నుంచీ ఊరంతా కనిపిస్తుంది. తిరుగు దారిలో రోదెజ్‌లో 2014లో తెరిచిన సూలాజ్ మ్యూజియం ఉంది. కోంక్ కిటికీలు నచ్చితే ఆగండి, నచ్చకపోతే నేరుగా ఇంటికి వెళ్లిపోవచ్చు.