రేనాక్స్ డీసీఆర్-250: చీమల కుట్టుపని దగ్గరగా చూపే చిన్న అద్దం

పురుగుల ఫొటోలు తీయాలని ఉండి, చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్స్ ధర చూసి ఆగిపోయినవాళ్లు ముందు ఈ రేనాక్స్ డీసీఆర్-250 కొనండి. ఇది లెన్స్ ముందు తగిలించే అద్దం. పక్కనున్న మీటలు నొక్కి పెడితే 52 నుంచి 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ సైజున్న లెన్సులకు పట్టుకుంటుంది. పవర్ 8 డయాప్టర్లు, అంటే కళ్లద్దాల పవర్ కొలిచే లెక్కే. నా 55-250 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును 250 దగ్గర పెడితే పురుగు బొమ్మ కెమెరా లోపలి సెన్సర్ మీద అసలు సైజుకు రెండింతలు పడుతుంది. సెంటీమీటరు పొడవున్న చీమ ఫ్రేమంతా నిండిపోతుంది.

మా నాయనకు దామలచెరువు దగ్గర తోతాపురి తోపు ఉంది. ఆదివారం తిరుపతి నుంచి అక్కడికి పోతాను. ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్ర చీమలను చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అవి ఎలా కుడతాయో ఈ అద్దంలోనే కనిపించింది. కొన్ని చీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసుగా నిలబడి రెండు ఆకుల అంచులు దగ్గరికి లాగుతాయి. అప్పుడు వేరే చీమలు గూటిలోంచి పిల్ల పురుగులను నోట కరిచి తెస్తాయి. పిల్ల తలను ఈ ఆకు అంచుకు ఒకసారి, ఆ ఆకు అంచుకు ఒకసారి తాకిస్తాయి, అచ్చం నగరి మగ్గాల్లో నాడె ఆడినట్టు. పిల్ల నోట్లోంచి పట్టుదారం వస్తుంది. తన చుట్టూ గూడు అల్లుకోవాల్సిన దారమంతా అది ఇంటికే ఇచ్చేస్తుంది, అందుకే ఈ చీమల ప్యూపాలకు (పిల్ల పురుగు చీమగా మారే దశ) పట్టుగూడు ఉండదు. ఆ దారం మెరుపు ఫొటోలో చూసి నాకు ఒళ్లు పులకరించింది.

అదే కొమ్మ మీద ఒక చీమ నడక కొంచెం తేడాగా అనిపించి దగ్గరికి పోతే, దానికి ఎనిమిది కాళ్లు! చీమ వేషంలో ఉన్న సాలీడు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది.

ఇక వాడే పద్ధతి. ఆటోఫోకస్ మీద ఆధారపడొద్దు. మాన్యువల్‌లో పెట్టి, పురుగుకు సుమారు 12 సెంటీమీటర్ల దూరం నుంచి మనమే మెల్లగా ముందుకీ వెనక్కీ కదలాలి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కు చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి కంటి మీదే గురిపెట్టాలి. ఫ్లాష్ తప్పనిసరి, దాని ముందు తెల్ల ఫోమ్ షీట్ కట్టకపోతే చీమ వీపు మీద తెల్లటి మచ్చ పడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోతే పురుగులు మందకొడిగా ఉంటాయి, కొత్తవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది.

18-55 లెన్స్ ఒక్కటే ఉన్నవాళ్లకు మాత్రం నేను చెప్పను. 55 దగ్గర సగం సైజు కూడా రాదు. 70-300 ఉంటే హాయిగా తీసుకోండి.

తోపు లేదని ఆగక్కర్లేదు. ఇంటి ముందు మందారం మీద పిండినల్లి పడితే మందు కొట్టే ముందు ఒక్క పూట ఆగండి. చీమ వచ్చి మీసాలతో దాన్ని తడుతుంది, వెనక నుంచి తేనెబొట్టు ఊరుతుంది, చీమ తాగేస్తుంది. పిండినల్లిని తినే అక్షింతల పురుగు దగ్గరికొస్తే ఆ చీమే తరిమేస్తుంది. ఆ బొట్టు బయటికొచ్చే క్షణం దొరకాలంటే కెమెరా కంటి దగ్గరే పెట్టుకుని ఉండాలి.