నెల్లూరు నుంచి ఒక్కరోజు మద్రాసు టూర్: మ్యూజియానికి అరగంట, చీరల షాపుకి రెండు గంటలు

పోయిన నెల ఇంటిల్లిపాదీ వ్యాన్ టూర్‌లో చెన్నై వెళ్లొచ్చాం. పేరు చెప్పను గానీ, తెల్లవారుజామున నాలుగంటే నాలుగుకే బయల్దేరదీశారు, ఏసీ బాగుంది, డ్రైవర్ నిదానస్తుడు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి మైలాపూర్ కపాలీశ్వరుడి దర్శనం ముందే చేయించారు, అది మెచ్చుకోవాలి.

నా కోపమంతా ఎగ్మోర్ మ్యూజియం దగ్గరే. 1851లో పెట్టిన మ్యూజియం, చోళుల నాటి కంచు నటరాజు, పైగా మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్న చోటు, దానికి అరగంటా? "మన రాళ్లు చూడ్డానికి మద్రాసు రావాల్సొచ్చింది గదా అబ్బయా" అని మా మామ ఒక్కో పలక ముందూ నిలబడిపోతే, గైడు విజిల్ వేసి పిలిచాడు. తీరా టి.నగర్ చీరల షాపులో రెండు గంటలు! కమీషన్ అనుకుంటా.

మెరీనా బీచ్‌లో సుండల్ (శనగ గుగ్గిళ్లు) తిన్నాం, మైపాడు బీచ్‌కి అలవాటుపడ్డ మా పిల్లలు ఆ జనాన్ని చూసి బిత్తరపోయారు. భోజనం డబ్బులు వేరే అని చివర్లో చెప్పారు, ముందే అడగండి. శుక్రవారం మాత్రం బుక్ చేయొద్దు, మ్యూజియానికి సెలవు. ఈసారి మేం రైల్లోనే పోతాం.