పురుగు తిన్నా పడుగు నిలిచింది

పాత స్వీడిష్ తివాచీల గురించి అందరూ రంగులే పొగుడుతారు. నేను పడుగు గురించి, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే పోగుల గురించి చెప్తాను.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మా హాల్లో ఉన్నది ఇంగెగెర్డ్ సిలో డిజైన్ చేసిన రోలాకన్ తివాచీ. మూలన ‘ఐ ఎస్’ అని నేతలోనే ఉంటుంది. మన జంపఖానాలాగే చదును నేత, కాకపోతే పేక (అడ్డపోగు) ఉన్ని, పడుగు అవిసె నార. బోస్టాడ్‌లో 1919లో మెర్తా మోస్-ఫ్యెటర్‌స్ట్రోమ్ పెట్టిన నేతశాల తివాచీలు నా స్తోమతకు అందవు. కొనగలిగినవాళ్లు సంతకం చూసుకోండి: 1941లో ఆమె పోయాక నేసినవాటి మీద ‘ఏబీ ఎంఎంఎఫ్’ అని ఉంటుంది, డిజైన్ ఆమెదే అయినా సరే. ‘బీఎన్’ కూడా ఉంటే అది తర్వాత 1970 దాకా అక్కడ కళాబాధ్యతలు చూసిన బార్బ్రో నిల్సన్ డిజైన్.

ఆ మధ్య సోఫా జరిపితే, కింద నీలం గడిలో అరచేయంత మేర రంగే లేదు. చుట్టూ ఇసుకలాంటి రవ్వలు, పురుగుల పొట్టు. ప్రాణం ఉసూరుమంది. వంగి చూస్తే పోయింది ఉన్ని మాత్రమే. పడుగు పోగులు ఒక్కటీ తెగకుండా, బిగువు సడలకుండా అలాగే ఉన్నాయి. ఆ పురుగుకు కావాల్సింది ఉన్నిలోని కెరటిన్, నారలో అది ఉండదు. పడుగు కూడా ఉన్నిదే అయ్యుంటే కన్నమే మిగిలేది. పురుగు చావాలని మొదట ఫ్రీజర్‌లో పెట్టించాం. తర్వాత బాగుచేసినావిడ ఆ పోగుల మీదే సూదితో కొత్త పేక ఎక్కించింది. రంగు మాత్రం వెనకవైపు చూసి కలిపింది. ఎండ తగలని అసలు నీలం అక్కడే ఉంది! అది చూశాక తిరగేసి పరిచాం. ‘ఐ ఎస్’ అద్దంలోలా కనిపిస్తుంది, గది మాత్రం వెలిగిపోయింది. అన్ని రోలాకన్‌లకూ ఈ వీలు ఉండదు. కొన్నింటికి రంగు మారేచోట వెనక గట్లు తేలతాయి.

అయితే నార సాగదు. పదేపదే మడతపడితే విరుగుతుంది. గుమ్మం వైపు అంచులో కుచ్చు పోగులు ఇప్పటికే తెగుతున్నాయి. చెక్క నేల మీద అడుగున జారకుండా పట్టి ఉంచే షీటు లేకపోతే జారుతుంది కూడా.

మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కింద కూర్చుని తినేది తక్కువ, కాబట్టి మాకు సరిపోయింది. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ఇది మోకాళ్లకు గట్టిగా తగులుతుంది. కొనాలనుకుంటే వెనకవైపు ఫొటో, అంచుల ఫొటో అడిగి తెప్పించుకోండి.