సఫారీకి ముందు నైరోబీలో ఒక రోజు

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లే చిన్న విమానం మర్నాడు పొద్దున. ఈలోగా రాజధాని నైరోబీలో మాకు ఒక రోజంతా దొరికింది. గదిలో పడుకుని రెస్ట్ తీసుకుందామని మావారు అన్నారు. నాకేమో ఏనుగు పిల్లల్ని చూడాలని ఎప్పటినుంచో ఉంది.

ముందు బస గురించి చెప్తాను. ఊరి నడిబొడ్డున హోటల్ తీసుకోవడం మేం చేసిన పొరపాటు. గది శుభ్రంగానే ఉంది, టిఫిన్ కూడా బాగుంది. కానీ మేం చూడాలనుకున్నవన్నీ ఊరి శివార్లలోని లాంగాటా, కారెన్ పేటల వైపు ఉన్నాయి. మారా విమానాలు ఎగిరే విల్సన్ ఎయిర్‌పోర్ట్ కూడా అటే. పొద్దున్నే ట్రాఫిక్‌లో ఇరుక్కుని, టైముకి చేరతామో లేదోనని ఒకటే టెన్షన్. అటువైపే బస చూసుకోండి.

షెల్డ్రిక్ ఏనుగుల అనాథాశ్రమంలోకి 11 నుంచి 12 వరకే రానిస్తారు, అదీ ముందే బుక్ చేసుకుంటేనే. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది, ఆ వేళకి కూడా స్వెటర్ తీయలేకపోయాం. ఎర్రమట్టిలో ఏనుగు పిల్లలు వరసగా పరిగెత్తుకొచ్చి పాలసీసాల మీద పడ్డాయి. ఒకటి తన సీసా ఖాళీ చేసి పక్కదాని సీసా కోసం తొండం చాచింది. వీటికి ఆవుపాలు పడవట. ఈ ఆశ్రమం పెట్టిన డాఫ్నీ షెల్డ్రిక్ ఏళ్ల తరబడి ప్రయత్నించి, కొబ్బరినూనె కలిసిన పాలు సరిపడతాయని కనిపెట్టారు. రాత్రిళ్లు ప్రతి పిల్ల దగ్గరా ఒక కాపరి పడుకుంటాడు. ఏ ఒక్కరికో మరీ అలవాటు పడిపోకుండా ఆ మనిషిని మారుస్తుంటారు. అది విన్నప్పుడు మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాస్త పెద్దయ్యాక వాటిని సావో అడవులకు పంపుతారు. ఈ ఒక్క గంట కోసమైనా నైరోబీలో ఆగొచ్చు.

దగ్గర్లోనే జిరాఫీ సెంటర్. ఎత్తైన అరుగు మీద నిలబడి మేత పెడితే నల్లటి పొడవాటి నాలుకతో అందుకుంటాయి. పిల్లలకు సరదాగా ఉంటుంది, జనం మాత్రం ఎక్కువ. అరగంట చాలు.

భోజనానికి ఉగాలి, సుకుమా వికీ. తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన గట్టి ముద్ద, పక్కన ఆకుకూర వేపుడు. సంకటి తిన్న చేతికి కొత్తేం అనిపించలేదు. చపాతీ, చాయ్ అక్కడా అవే పేర్లు. రైలు దారి వెయ్యడానికి మన దేశం నుంచి వేలమంది కూలీలు వెళ్లారు, 1899లో ఆ రైలు మజిలీగానే ఈ ఊరు మొదలైంది. రైల్వే మ్యూజియం చూడలేకపోయామన్న బాధ ఇంకా ఉంది.

మధ్యాహ్నం నైరోబీ నేషనల్ పార్క్. ఎలాగూ మారాకు వెళ్తున్నాం కదా, ఇదెందుకని చాలామంది అంటారు. నేనైతే వెళ్లమనే అంటాను. మారాలో ఖడ్గమృగం కనపడటం అంత తేలిక కాదు. ఇక్కడ రెండు మేస్తూ కనిపించాయి, వాటి వెనక ఊళ్లోని ఎత్తైన భవనాలు. 117 చదరపు కిలోమీటర్ల ఈ పార్కులో అడవి ఏనుగులు లేవు. ఉన్నది, దంతాల కోసం ఏనుగుల్ని చంపడం ఆగాలని ప్రభుత్వం పోగైన దంతాలను తగలబెట్టిన చోటు. 1989లో 12 టన్నులు, 2016లో 105 టన్నులు ఇక్కడే కాల్చారు. పొద్దున పాలు తాగిన పిల్లలు గుర్తొచ్చి కాసేపు ఎవరం మాట్లాడలేదు.

రాత్రి సామానంతా మళ్లీ సర్దుకున్నాం. చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో ఉండాలి. పెద్ద సూట్‌కేసులు హోటల్లోనే భద్రంగా పెట్టించాం.