నాలుగేళ్లుగా మా హాల్లో ఇనప గుండు

2021 ఆగస్టులో మొదటి కెటిల్‌బెల్, అంటే పైన పిడి ఉన్న ఇనప గుండు, కొన్నాను. అప్పుడు నాకు 41. బడి ఆన్‌లైన్‌లో నడిచిన రోజులు అవి. రోజుకి ఆరు గంటలు కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పి లేస్తే నడుం పట్టేసేది. గ్యాస్ బండ పక్కకి జరపాలన్నా మా అబ్బాయిని కేకెయ్యాల్సిందే. జిమ్ మా వీధి చివరే ఉంది కానీ, పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కే నాకు ఆ టైములు కుదరవు. కుదిరినా, నలుగురి ముందు బరువులెత్తడం నాకు మొహమాటం. ఉన్నమాట చెప్పేస్తున్నా.

మాది విశాఖలో సముద్రానికి దగ్గర్లో, లిఫ్టు లేని మూడో అంతస్తు ఫ్లాటు. కొరియర్ అబ్బాయి పార్సిల్ కింద వాచ్‌మన్ గది దగ్గరే దింపేసి "మేడమ్, ఇందులో ఏం రాళ్లున్నాయండీ" అని ఫోన్ చేశాడు. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు. అట్టపెట్టె విప్పగానే చూసి, "ఏటమ్మా ఇది, తూకం రాయికి పిడి పెట్టినట్టుంది" అంది. అప్పుడు నవ్వాను గానీ తర్వాత తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని. రష్యాలో దీని పేరు గిర్యా. సంతల్లో ధాన్యం తూచే రాయి అది. అక్కడి పాత కొలత పూద్, మన లెక్కలో సుమారు 16.4 కిలోలు. ఈ గుండ్లు ఇప్పటికీ 16, 24, 32 అని ఎనిమిదేసి కిలోల తేడాతో రావడం వెనకున్నది ఆ పూదే: ఒకటి, ఒకటిన్నర, రెండు. సంత మూసే వేళకి కుర్రాళ్లు వాటిని ఎత్తి బలం చూపించుకునేవాళ్లట. మనవైపు సంగిడి రాయి ఎత్తినట్టే. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి ఊరు వీరఘట్టం మా అత్తయ్య వాళ్ల పుట్టింటికి దూరమేం కాదు. కాబట్టి ఆవిడకి బరువెత్తడం వింత కాదు. కోడలు ఎత్తడమే వింత.

నేను చేసిన మొదటి తప్పు 8 కిలోలది కొనడం. ఆడవాళ్లకని గులాబీ రంగు ప్లాస్టిక్ తొడుగేసి, లోపల సిమెంటు నింపి అమ్ముతారే, అది. అదైనా ఎక్కువేమోనని భయపడ్డాను కూడా. మూడు వారాలు ఊపాను. చేతులు నొప్పెట్టాయి, భుజాలు నొప్పెట్టాయి, నడుం మాత్రం ఎప్పటిలాగే ఉంది. కారణం తర్వాత అర్థమైంది. గుండుని కాళ్ల మధ్య నుంచి ముందుకీ పైకీ ఊపడాన్ని స్వింగ్ అంటారు. అందులో గుండుని విసరాల్సింది తుంటి. చేతులు తాళ్లలా వేలాడాలి, అంతే. గుండు తేలిగ్గా ఉంటే చేతులే ఎత్తేస్తాయి, తుంటికి పని తగలదు. మనం మాత్రం వ్యాయామం చేస్తున్నాం అనుకుంటాం. నెల తిరిగేసరికి 12 కిలోల పోత ఇనుముది తెప్పించి, అదే అలవాటుతో ఊపితే నడుం కుడివైపు పట్టేసింది. రెండు వారాలు గుండు ముట్టుకోలేదు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ నన్ను గోడ వైపు వీపు తిప్పి, గోడకి ఒక అడుగు ముందు నిలబెట్టింది. మోకాళ్లు కొంచెమే వంచి, వీపు నిటారుగా ఉంచి, పిరుదులు వెనక్కి తోసి గోడకి తాకించమంది. మొదటిసారి గుంజిళ్లు తీసినట్టు కిందకి కూర్చున్నాను. "రెండు చేతుల్లోనూ గిన్నెలుంటే ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారు?" అని అడిగింది. చప్పున తెలిసిపోయింది. ఏళ్ల తరబడి వంటింట్లో చేస్తున్న పనే అది. ఆ తర్వాత రెండు నెలలు రోజూ పళ్లు తోముకుంటూ గోడ దగ్గర ఆ కదలికే చేశాను. ఇందులో నేర్చుకోవాల్సింది ఏదన్నా ఉందంటే ఆ ఒక్కటే. అది రాకముందు స్వింగ్ జోలికి వెళ్లకండి.

ఇంకో చిట్కా. తువ్వాలు పిడిలోంచి దోపి, రెండు కొసలూ పట్టుకుని ఊపి చూడండి. గుండు పైకి వచ్చినప్పుడు తువ్వాలూ గుండూ మీ చేతులకి సూటిగా ఒకే గీతలో ఉంటే తుంటితో విసురుతున్నట్టు. గుండు కిందకి వేలాడుతోందంటే ఇంకా చేతులతో లాగుతున్నారన్నమాట. నాకు నాలుగో నెలకి గానీ ఆ గీత కుదరలేదు.

నేను చేసే పని చాలా తక్కువ. వారానికి నాలుగు రోజులు, రోజుకి అరగంట. నిమిషానికి 10 చొప్పున పది నిమిషాలు స్వింగ్‌లు, అంటే 100. తర్వాత గుండుని రొమ్ముకి ఆనించి పట్టుకుని 8 చొప్పున నాలుగు సార్లు కూర్చుని లేవడం, దాన్ని గాబ్లెట్ స్క్వాట్ అంటారు. రోజు విడిచి రోజు తలపైకి ప్రెస్, ఒక్కో చేతికి 5 చొప్పున. మిగిలిన రోజుల్లో గెటప్. నెలసరి మొదటి రెండు రోజులు గోడ, నడక, అంతే.

గెటప్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. వెల్లకిలా పడుకుని, గుండున్న చెయ్యి పైకి చాచి, ఆ చెయ్యి వంచకుండా మెల్లగా లేచి నిలబడి, మళ్లీ అదే దారిలో పడుకోవాలి. ముందు గుండు లేకుండా, పిడికిలి మీద సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టుకుని సాధన చేశాను. మొదటి వారం మొహాన్ని మళ్లీ కడుక్కోనక్కర్లేకుండా పోయింది. మోచేతి మీదకి లేచేటప్పుడు తొందరపడితే గ్లాసు ఒలుకుతుంది, చూపు గ్లాసు మీంచి తప్పితే ఒలుకుతుంది. నీళ్లు ఒలకని రోజు 8 కిలోలది పట్టుకున్నాను. ఆ గులాబీ గుండు పనికొచ్చింది ఆ నెల్లాళ్లే. ఇప్పుడు 16తో చేస్తున్నాను. సంక్రాంతికి బెజవాడ వెళ్లినప్పుడు బెర్తు కింద ఇరికించిన సూట్‌కేసు ఒంటిచేత్తో లాగి నెత్తి మీదుగా అందించినప్పుడు ఎక్కడా లాగినట్టు అనిపించలేదు. ఆ బలం గెటప్‌దే అని నా నమ్మకం.

ఇక వస్తువు సంగతి. నా 12 కిలోల పోత ఇనుముది పిడి వెడల్పుగా ఉంటుంది, రెండు చేతులూ హాయిగా పడతాయి. స్వింగ్‌కి అదే మేలు. కానీ పిడి కింద వైపు పోత అతుకు గీతలా మిగిలిపోయి, మొదటి వారంలోనే అరచేతి చర్మం లేచిపోయింది. హార్డ్‌వేర్ కొట్లో ఆకురాయి కొని, మా ఆయన చేత ఒక ఆదివారమంతా అరగదీయించాను. కొనేటప్పుడు పిడి లోపలివైపు వేలు పెట్టి తడిమి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ అవకాశం లేదు కదా, వాపసు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి. నాది తీసుకోలేదు. 12 అని రాసి ఉన్న గుండు పాత ఇనుము కొట్టు కాటా మీద పెడితే 11.6 చూపించింది. 400 గ్రాములకి పోట్లాడే ఓపిక లేక వదిలేశాను.

రెండో ఏడు కొన్న 16, నిరుడు కొన్న 20 పోటీల్లో వాడే ఉక్కు రకం. పసుపుది 16, ఊదాది 20. ఈ రంగులు అంతటా ఇంచుమించు ఒకటే. వీటి గొప్ప ఏంటంటే 8 అయినా 32 అయినా పైకి సైజు ఒక్కటే. బరువు మారినా ముంజేతి మీద ఆనే చోటు మారదు, కాబట్టి కొత్త బరువుకి మళ్లీ అలవాటు పడనక్కర్లేదు. పిడి నున్నగా, రంగు లేకుండా వస్తుంది. లోటు కూడా ఉంది. పిడి ఇరుకు, రెండు చేతులతో ఊపితే చిటికెన వేళ్లు నలుగుతాయి. ధర పోత ఇనుము కన్నా బాగా ఎక్కువ. ప్రెస్, గెటప్ ఎక్కువ చేసేవాళ్లు ఇవి కొనొచ్చు. స్వింగే ముఖ్యమైతే డబ్బు దండగ.

సముద్రపు గాలికి ఇనుము సంగతి తెలిసిందే. రంగు లేచిన చోటల్లా వానాకాలంలో తుప్పు పట్టి అరచేతులు పసుపు రాసుకున్నట్టు అయ్యేవి. గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్ది, రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి, పొడి గుడ్డతో బాగా తుడిచేస్తాను. నూనె మిగిలితే గుండు చేతిలోంచి జారిపోతుంది, జాగ్రత్త. మే నెల చెమటకి సుద్ద తప్పనిసరి. టీచర్ని కదా అని బల్ల మీద సుద్దముక్కలు తెచ్చి పిండి చేసి ప్రయత్నించాను. చెమటకి ముద్దయిపోయింది. జిమ్ సుద్ద వేరే పదార్థం, మెగ్నీషియం కార్బొనేట్. చిన్న దిమ్మ కొంటే ఏడాది వచ్చింది.

గాజుల గొడవ ఒకటి. గుండుని కింద నుంచి ఒంటిచేత్తో భుజం దగ్గరికి తెచ్చే కదలికని క్లీన్ అంటారు. అది చేసేటప్పుడు గుండు తిరిగి ముంజేతి మీద పడుతుంది. నేర్చుకునే రోజుల్లో గట్టిగానే పడుతుంది, నల్లగా కమిలిపోతుంది. స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ పక్కకి పిలిచి "ఇంట్లో అంతా బాగానే ఉందా" అని మెల్లగా అడిగింది. గాజులు తీసెయ్యక తప్పదు, తాళి జాకెట్లోకి దోపి పిన్నీసు పెట్టుకోక తప్పదు. బోసి చేతులు చూసి అత్తయ్య రెండు నెలలు మాట్లాడలేదు అనను గానీ, మాట్లాడిన ప్రతిసారీ ఆ మాటే. ఇప్పుడు గాజులు తీసి దేవుడి మందిరం పక్కన పెడతాను, అరగంట కాగానే ఆవిడే అందిస్తుంది.

పైన ఫ్యాను కూడా చూసుకోవాలి. నేను అయిదడుగుల రెండంగుళాలు, నాకు ఇబ్బంది లేదు. మా ఆయన అయిదడుగుల పది. ఆకురాయి పట్టిన హక్కుతో ఒకరోజు 12 అందుకుని తలపైకి లేపారు. ఫ్యాను ఆగి ఉంది కాబట్టి రెక్క ఒక్కటే వంగింది. కింద టైల్స్ ఉంటే మందంగా ఉన్న రబ్బరు మ్యాట్ కొనండి, లేదా నాలాగా పాత బొంత మీద గోనెసంచి మడిచి వెయ్యండి. కింద ఫ్లాటు వాళ్లు ఒక్కసారి పైకి వచ్చి అడిగాక నేర్చుకున్న పాఠం ఇది. తెల్లవారుజామున అయిదింటికి గుండు కింద పెడితే వాళ్లకి పిడుగు పడ్డట్టే వినిపిస్తుందట.

గుండు ఇవ్వనిది కూడా చెప్పాలి. లాగే బలం. వంగి ఒంటిచేత్తో గుండుని నడుం వైపు లాగే రోయింగ్ చేస్తాను, సరిపోదు. అందుకని గుమ్మానికి మధ్యలో బిగించే పుల్-అప్ బార్ కొన్నాను. మూడో రోజు నాతో సహా కిందకి వచ్చింది. మన గుమ్మాల నునుపు రంగు మీద ఆ రబ్బరు బిరడాలు పట్టవు. ఇప్పుడు కిటికీ గ్రిల్‌కి రబ్బరు బ్యాండ్ కట్టి లాగుతున్నాను. ఫరవాలేదు, అంతే. తొడల బలానికి కూడా ఒక హద్దుంది. 20 కిలోలతో స్క్వాట్ ఈ ఏడే తేలికైపోయింది. బార్‌బెల్‌తో 80, 100 ఎత్తాలనుకునేవాళ్లు జిమ్‌కే వెళ్లాలి. బరువు తగ్గుతామని కొనేవాళ్లకి నా లెక్క: నాలుగేళ్లలో 64 నుంచి 61. మిగతాదంతా కంచం దగ్గర తేలాల్సిన విషయం. బీపీ ఉన్నవాళ్లు, సిజేరియన్ అయ్యి ఎక్కువ కాలం కానివాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

వచ్చింది ఏంటంటే, నిండు గ్యాస్ బండ. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ దానికన్నా కొంచెం ఎక్కువ, కలిపి 30 దాకా తూగుతుంది. వంగి, తుంటితో లేపి, రెండడుగులు మోసి దింపుతాను. 2022లో పాతిక కిలోల వరకూ ఉన్న బియ్యం సంచులకి జీఎస్టీ పెట్టాక కొట్లలో 26 కిలోల సంచులు వచ్చాయి కదా, ఆ సంచి కింద నుంచి మూడంతస్తులు నేనే మోసుకొస్తాను. మధ్యలో ఆగుతాను, రెండో అంతస్తు దగ్గర. పొద్దున లేవగానే నడుం పట్టెయ్యడం మొదటి ఏడాది చివరికే పోయింది.

ఇప్పుడు ఎక్కడ ఆగానంటే ప్రెస్ దగ్గర. 12 కిలోలు అయిదుసార్లు లేస్తుంది. 16 కుడిచేత్తో ఒక్కసారి, అదీ మంచి రోజైతే. ఎడమచెయ్యి ససేమిరా అంటుంది. 12 నుంచి 16 అంటే నాలుగే కదా అనిపిస్తుంది గానీ, ఒక్కసారిగా మూడో వంతు బరువు పెరిగినట్టు. డంబెల్స్‌లో అయితే కిలో కిలో పెంచుకుంటాం, ఇక్కడ మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఈ గుండ్ల మీద నా అసలు ఫిర్యాదు ఇదే. చీలమండకి కట్టుకునే కిలో ఇసుక పట్టీ ఒకటి 12 పిడికి బిగించి 13 చేసుకున్నాను, మొన్నటి నుంచి రెండు పట్టీలు. ప్రెస్‌కి మాత్రమే, స్వింగ్‌కి కాదు, ఊడి టీవీ మీద పడుతుంది. ఎడమచేత్తో 14 ఇప్పటికి మూడుసార్లు లేచింది.

కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకి, మామూలు ఆరోగ్యం ఉంటే, 12 ఒక్కటి కొనమంటాను. మగవాళ్లకి 16. ఏడాది వరకూ రెండోది అక్కర్లేదు. నా గులాబీ 8 ఎవరికైనా కావాలంటే ఇచ్చేద్దామనుకున్నాను గానీ, బాల్కనీ తలుపు సముద్రపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి అత్తయ్య తీసేసుకుంది.