పాత ట్రాక్టర్ గేరుపెట్టెకు ఏ ఆయిల్? మూడు రకాలూ వాడాక నా అభిప్రాయం

పాత ట్రాక్టర్ వెనుక భాగంలో ఏ ఆయిల్ పోయాలని అడిగితే తలా ఒక మాట చెబుతారు. 90 గేర్ ఆయిల్ తప్ప మరొకటి ముట్టవద్దని ఒకరంటారు. ఇంజన్‌కు పోసేదే అన్నిటికీ పోయవచ్చని మరొకరంటారు. డబ్బా మీద ట్రాక్టర్ బొమ్మ ఉంటే చాలని ఇంకొకరంటారు. నా దగ్గరున్నది 1970ల నాటి బండి. గేర్లు, డిఫరెన్షియల్, వెనుక పనిముట్టును ఎత్తే లిఫ్ట్ పంపు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు, అన్నిటికీ ఒకే ఆయిల్. దుక్కికి, రోటవేటర్‌కు, ట్రాలీకి చాలా ఏళ్లుగా వాడుతూ మూడు రకాల ఆయిళ్లూ ఇందులో నడిపి చూశాను. ఇలాంటి బండికి యు.టి.టి.ఓ. రకం ఆయిలే, అంటే గేర్లకూ లిఫ్టుకూ మునిగిన బ్రేకులకూ కలిపి చేసిన ట్రాక్టర్ ఆయిలే తగినదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. అయితే డబ్బా మీద ట్రాక్టర్ కంపెనీల ప్రమాణాలు సంఖ్యలతో సహా రాసి ఉండాలి.

ఈ చిక్కంతా ఒకే ఆయిల్ చేత నాలుగు పనులు చేయించడం వల్ల వచ్చింది. 1946లో వచ్చిన ఫెర్గూసన్ టీఈ20లో లిఫ్ట్ పంపు గేరుపెట్టె అడుగునే, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ట్రాక్టర్లు ఇదే దారి పట్టాయి. గేరు పళ్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఉండాలంటే ఆయిల్ చిక్కగా ఉండాలి. పంపు జాలిలోంచి ఇట్టే లాక్కోవాలంటే పలుచగా ఉండాలి, నురగ కట్టకూడదు. బ్రేకు ప్లేట్లకు సరిపడా రాపిడి ఇవ్వాలి, కంచు బుష్షులను తినేయకూడదు. ఒక పనికి మేలు చేసే గుణం మరో పనికి అడ్డు వస్తుంది.

మొదట వాడింది 90 గేర్ ఆయిల్, మందులేవీ కలపని సాదా మినరల్ రకం. గేర్ల శబ్దం విషయంలో దీనికి సాటి లేదు. బరువైన ట్రాలీతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా వెనుక భాగం నిండుగా, మెత్తగా నడిచేది. దీనిలో నాకు బాగా నచ్చిన గుణం మరొకటి ఉంది. లోపలికి నీరు చేరితే ఈ ఆయిల్ దాన్ని తనలో కలుపుకోదు. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, ఉదయం అడుగు నట్టును నాలుగు చుట్లు వదులు చేస్తే ముందు నీళ్లు కారతాయి, ఆ వెనుక ఆయిల్ దారం కనిపిస్తుంది. అప్పుడు నట్టు బిగించేయడమే.

కష్టమంతా చలి ఉదయాల్లోనే. ఇంజన్ స్టార్ట్ చేసి లిఫ్ట్ మీట ఎత్తితే కల్టివేటర్ లేవడానికి తటపటాయిస్తుంది, పంపు సన్నగా కూత పెడుతుంది. చిక్కని ఆయిల్ జాలిలోంచి పంపుకు చాలినంత అందకపోతే వచ్చే కూత అది. అలా రోజూ నడిపితే పంపు లోపలి భాగాలు దెబ్బతింటాయి. లెక్కల్లో చూసినా ఇది తేలుతుంది. 90 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల వేడిలో కనీసం 13.5 సెంటీస్టోక్స్ ఉండాలి. యు.టి.టి.ఓ. ఆయిళ్లు ఎక్కువగా 9, 10 దగ్గర ఉంటాయి. చల్లబడేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక విషయం గుర్తుంచుకోవాలి. గేర్ ఆయిల్ అంకెలు వేరు, ఇంజన్ ఆయిల్ అంకెలు వేరు. గేర్ ఆయిల్ 80, ఇంజన్ ఆయిల్ 30 చిక్కదనంలో దాదాపు ఒకటే. కాబట్టి పుస్తకంలో 80 అని రాసిన చోట ఇంజన్ ఆయిల్ అంకెల్లో 10డబ్ల్యూ-30 అని రాసిన ఆయిల్ పోయమన్నారని కంగారు పడనక్కర్లేదు.

90 మీద మక్కువతో జి.ఎల్-5 డబ్బా తెచ్చి పోసేవాళ్లున్నారు (జి.ఎల్ అంకె గేర్ ఆయిల్ రకాన్ని చెబుతుంది). అది మాత్రం వద్దు. అందులో గంధకం, భాస్వరం మందులు జి.ఎల్-4 కంటే సుమారు రెట్టింపు ఉంటాయి. వేడి మీద అవి కంచు, ఇత్తడి భాగాలను కొరికే ప్రమాదం ఉంది. పాత బండ్ల లోపల బుష్షులు, థ్రస్ట్ వాషర్లు చాలావరకు ఆ లోహాలవే.

తర్వాత ఎస్.టి.ఓ.యు. వాడాను. ఇంజన్‌కూ, గేర్లకూ, లిఫ్టుకూ పనికొచ్చేలా చేసిన ఆయిల్ ఇది. ఇంట్లో ఒకే రకం డబ్బా ఉంటే చాలు, ఒకదాని బదులు మరొకటి పోసే ప్రమాదం తప్పుతుంది. లిఫ్ట్ బాగా పలికింది. బ్రేకులే నచ్చలేదు. పొలం గట్టు దగ్గర మలుపులో ఒక పక్క బ్రేకు తొక్కితే గుర్రుమని వణుకు పాదం దాకా వచ్చేది. డ్రై బ్రేకులు, అంటే ఆయిల్‌లో మునగని బ్రేకులు ఉన్న బండికి ఈ ఆయిల్ చక్కగా సరిపోతుంది. బ్రేకులు ఆయిల్‌లో ఉన్న బండికి నేను సిఫారసు చేయను.

ఇప్పుడు వాడుతున్నది యు.టి.టి.ఓ. ఇది ఇంజన్‌కు కాదు, గేర్లకూ లిఫ్టుకూ మునిగిన బ్రేకులకూ మాత్రమే. పోసిన కొద్ది రోజుల్లోనే మలుపుల్లో వణుకు పోయింది. ఉదయం మీట ఎత్తగానే లిఫ్ట్ లేస్తోంది, పంపు కూత లేదు. గేర్ల శబ్దం కాస్త పెరిగింది. అది పలుచని ఆయిల్ శబ్దమే. ఇన్నేళ్లలో దాని వల్ల పళ్లు అరిగిన జాడ అడుగు నట్టుకు ఉండే అయస్కాంతం మీద కనిపించలేదు. ఎప్పటిలాగే బూడిద రంగు పేస్టు పలుచగా అంటుకుంటుంది. గుచ్చుకునే రజను కనిపిస్తేనే భయపడాలి.

దీనితో వచ్చే ఇబ్బందులూ చెప్పాలి. చిక్కని ఆయిల్ దాచిపెట్టిన లోపాలన్నీ బయటపడతాయి. ఇరుసు సీళ్ల దగ్గర చెమ్మ కనిపించింది, ఇంజన్ ఆపాక లిఫ్ట్ చేతులు తొందరగా దిగసాగాయి. సీళ్లు, లిఫ్ట్ పిస్టన్ రింగులు అరిగాయని దానర్థం. వాటిని మార్పించాను. డ్రై బ్రేకుల బండిలో అయితే ఇరుసు సీలు దాటిన ఆయిల్ బ్రేకు లైనింగ్ మీద పడుతుంది. కాబట్టి అక్కడ ముందు సీళ్లు మార్చి, తర్వాతే పలుచని ఆయిల్‌కు వెళ్లాలి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కొత్త ఆయిల్ కదిలిస్తుంది కనుక తొలిసారి జాలిని త్వరగా విప్పి కడగాలి. ఆ మొదటి ఆయిల్‌ను పూర్తి గడువు ఉంచకుండా మార్చేయడం మంచిది. నీటిని ఈ ఆయిల్ తనలో కలుపుకుని తెల్లగా పాలలా మారుతుంది. అడుగుకు దిగుతుందని ఎదురుచూడవద్దు. అనుమానం ఉంటే వేడి పెనం మీద ఒక చుక్క వేయండి. చిటపటలాడితే నీరున్నట్టే, ఆయిల్ మార్చాల్సిందే.

డబ్బా మీది రాత గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ మంది నష్టపోయేది అక్కడే. మాసీ ఫెర్గూసన్ ఎం1135, ఎం1141, జాన్ డీర్ జె20సి, ఫోర్డ్ ఎం2సి134-డి, ఇలాంటి పేర్లు ఉండాలి. మీ బండి పుస్తకంలో ఉన్న పాత ప్రమాణానికి బదులు వచ్చినది ఏదో చూసి, అది డబ్బా మీద ఉందో లేదో వెతకాలి. 'అన్ని ట్రాక్టర్లకూ' అన్న మాటకు విలువ లేదు. 303 అనే పేరు సంగతే చూడండి. అది జాన్ డీర్ పాత ఆయిల్ పేరు, అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల తొలినాళ్లలో అమెరికా తిమింగలం నూనెను నిషేధించాక ఆ ఆయిల్ పోయింది, దాని స్థానంలో కొత్త ప్రమాణాలు వచ్చాయి. పేరు మాత్రం దశాబ్దాల పాటు చవక డబ్బాల మీద ఉండిపోయింది. చివరికి 2017లో మిస్సోరి రాష్ట్ర వ్యవసాయ శాఖ ఆ పేరుతో అమ్ముతున్న ఆయిళ్లను పరీక్షించి, అమ్మకం ఆపించింది. ప్రమాణం లేని చవక డబ్బా కొని మిగిల్చుకునే సొమ్ము ఒక్క పంపు బాగుచేతకు చాలదు.

మార్చేటప్పుడు బండిని కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కాక లిఫ్ట్ చేతులు పూర్తిగా దించండి. అడుగున ఉన్న నట్లన్నీ తీయండి. ఫోర్డ్ 8ఎన్‌కు మూడు ఉంటాయి. ఒక్కటే తీస్తే మిగతా గదుల్లో పాత ఆయిల్ నిలిచిపోతుంది. కొత్తది పోసి లిఫ్ట్‌ను కొన్నిసార్లు ఎత్తి దించి, చేతులు కింద ఉండగా డిప్‌స్టిక్ చూసుకోండి.

గేరుపెట్టెకు విడిగా ఆయిల్ ఉండి, లిఫ్ట్ పంపుతో సంబంధం లేని బండ్ల సంగతి వేరు. అక్కడ పుస్తకం 80 లేదా 90 అంటే జి.ఎల్-4 రకంలో అదే పోయండి, యు.టి.టి.ఓ.తో పని లేదు. ఏ ఆయిల్ పోసినా గేర్ రాడ్డు కింది రబ్బరు తొడుగు చిరిగి ఉంటే వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. కొత్త ఆయిల్ డబ్బాతో పాటే ఆ తొడుగు కూడా కొనండి.